తిథిని బట్టి ఉపవాసం: రోజు నిర్ణయించుకోవడం నుంచి పారణ వరకు

చంద్రమానాన్ని అనుసరించే ఉపవాసాలలో తొలి చిక్కు తేదీ దగ్గరే వస్తుంది. గోడ మీది క్యాలెండరు ఏకాదశిని బుధవారం గడిలో చూపుతుంది, వైష్ణవాలయంలోని అర్చకస్వామి గురువారం అంటారు, అమెరికాలో ఉన్న అమ్మాయి ఫోను చేసి తమకు నిన్ననే అయిపోయిందంటుంది. ఈ ముగ్గురి మాటా ఒకేసారి సరైనదే కావచ్చు. తిథి అనేది అర్ధరాత్రితో మొదలై అర్ధరాత్రితో ముగిసే రోజు కాదు కనుక, ఆ తిథి ఏ వేళకు ఉంటే ఏ వ్రతానికి పనికివస్తుందో ధర్మశాస్త్రం ఒక్కొక్క వ్రతానికి విడివిడిగా చెప్పింది. ఏకాదశికి తెల్లవారుజాము ముఖ్యం, ప్రదోషానికి సంధ్యవేళ, సంకటహర చతుర్థికి చంద్రోదయం, శివరాత్రికి అర్ధరాత్రి. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే మిగిలిన నియమాలలో చాలా భాగం దాని వెంటే వచ్చేస్తుంది. అందుకే ఏం తినాలి, ఏం తినకూడదు అన్న ప్రశ్నకంటే ముందు రోజును నిర్ణయించుకునే పద్ధతిని వివరిస్తున్నాను.

తిథి ఎలా ఏర్పడుతుంది

ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణదూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. అమావాస్య ముగిసే క్షణంలో ఇద్దరూ ఒకే రేఖాంశంలో ఉంటారు. అక్కడి నుంచి 12 డిగ్రీల దూరం వరకు శుద్ధ పాడ్యమి, 24 వరకు విదియ, ఇలా 180 డిగ్రీలకు పౌర్ణమి పూర్తవుతుంది. తరువాత బహుళ పక్షం మొదలై 360 డిగ్రీలకు అమావాస్య ముగుస్తుంది. మొత్తం 30 తిథులు, సగటున 29.53 రోజులు. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగాను, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగాను కదులుతాడు కాబట్టి తిథి నిడివి ఎప్పుడూ ఒకేలా ఉండదు. దాదాపు 20 గంటలకు కుదించుకుపోవచ్చు, 26 గంటలు దాటి సాగనూవచ్చు. దీని ఫలితంగా తిథి పగలో రాత్రో, ఏ వేళలోనైనా మారుతుంది.

లౌకిక వ్యవహారంలో సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజు తిథిగా చెప్పుకుంటాము. ఒక్కోసారి ఒక తిథి ఒక సూర్యోదయం తరువాత మొదలై మరుసటి సూర్యోదయానికి ముందే ముగిసిపోతుంది. దానిని క్షయతిథి అంటారు. మరోసారి ఒకే తిథి రెండు సూర్యోదయాలకూ ఉంటుంది. అది వృద్ధి తిథి. క్యాలెండరులో నవమి పక్క గడిలో ఏకాదశి కనిపిస్తే అది అచ్చుతప్పు కాదని దీనివల్ల అర్థమవుతుంది.

నెలల విషయంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. తెలుగువారిది అమావాస్యతో ముగిసే నెల. ఉత్తరాదిలో చాలా చోట్ల పౌర్ణమితో ముగుస్తుంది. శుద్ధ పక్షంలో రెండు పద్ధతులకూ నెల పేరు ఒకటే, బహుళ పక్షంలో మాత్రం ఉత్తరాది నెల ఒకటి ముందు ఉంటుంది. మనకు మాఘ బహుళ చతుర్దశినాడు వచ్చే మహాశివరాత్రిని వారు ఫాల్గుణంలో లెక్కిస్తారు, శ్రావణ బహుళాష్టమి నాటి కృష్ణాష్టమిని భాద్రపదంలో. పండుగ జరిగేది ఒకే రోజున. హిందీ మాధ్యమాల్లోని వ్రతాల పట్టికలను చూసి గందరగోళపడేవారు ఈ తేడాను గుర్తుంచుకుంటే చాలు.

పంచాంగం గడిని చదవడం

తెలుగు పంచాంగంలో తిథి పక్కన వేసే సమయం ఆ తిథి ముగిసే సమయం. మొదటిసారి చూసేవారు దానిని ప్రారంభ సమయమని పొరబడటం సర్వసాధారణం. బుధవారం గడిలో ‘ఏకాదశి రా. 8.14’ అని ఉంటే ఏకాదశి రాత్రి 8 గంటల 14 నిమిషాల దాకా ఉండి, అక్కడి నుంచి ద్వాదశి మొదలవుతుందని భావం. ఏకాదశి ఎప్పుడు మొదలైందో తెలియాలంటే మంగళవారం గడిలో దశమి ముగిసిన సమయాన్ని చూడాలి. ఉ., మ., సా., రా., తె. అనే పొట్టి అక్షరాలు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, తెల్లవారుజాములను సూచిస్తాయి. వీటిలో ‘తె.’ దగ్గర తప్పకుండా ఆగాలి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి, బుధవారం గడిలో ‘తె. 3.40’ అని ఉంటే అది మన గడియారం ప్రకారం గురువారం తెల్లవారుజాము. ఈ ఒక్క అక్షరాన్ని పట్టించుకోకపోతే లెక్క పూర్తిగా ఒక రోజు తప్పుతుంది.

రెండు పంచాంగాలలో ముగింపు సమయాలు కలవకపోతే ఒకటి దృగ్గణితం (ఆకాశంలో కనిపించే స్థానాలతో సరిపోయేలా చేసే లెక్క) ప్రకారం, మరొకటి పూర్వపద్ధతి (పాత సిద్ధాంత గ్రంథాల సూత్రాలతో చేసే లెక్క) ప్రకారం గణించినవై ఉండవచ్చు. ఈ రెండింటికీ కొన్ని గంటల వరకు తేడా వస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని అనుకూలమైన తేదీని ఎంచుకోవడం కంటే, ఇంటి సంప్రదాయమో గురువుగారి మఠమో అనుసరించే పంచాంగాన్ని ఒక్కదానినే ఏడాది పొడవునా పాటించడం మంచిది. విదేశాలలో ఉన్నవారు మాత్రం తామున్న ఊరికి గణించిన పంచాంగాన్నే చూసుకోవాలి. తిథి మారే క్షణం భూమి మొత్తానికి ఒక్కటే అయినా ఆ క్షణానికి హైదరాబాదులో రాత్రి కావచ్చు, డాలస్‌లో పొద్దున కావచ్చు. సూర్యోదయానికి ఉన్న తిథి అక్కడా ఇక్కడా వేరవుతుంది. ఇండియా తేదీని యథాతథంగా పాటిస్తే ఒక్కోసారి ద్వాదశినాడు ఉపవాసముండి ఏకాదశినాడు భోజనం చేసినట్టవుతుంది.

ఏ వ్రతానికి ఏ వేళ

1612లో కమలాకర భట్టు రచించిన నిర్ణయసింధువు, 1790 నాటి కాశీనాథ ఉపాధ్యాయుని ధర్మసింధువు వంటి గ్రంథాలలో పెద్ద భాగం ఈ వేళల చర్చే. సిద్ధాంతులు ఇప్పటికీ వాటి ఆధారంగానే పండుగ తేదీలను నిర్ణయిస్తున్నారు. గృహస్థుకు అవసరమైనంత మేరకు చెప్పాలంటే, వినాయక చవితికి మధ్యాహ్నం వేళ చవితి ఉండాలి. ప్రదోష వ్రతానికి సూర్యాస్తమయం తరువాతి వేళలో త్రయోదశి ఉండాలి. సంకటహర చతుర్థికి, అట్లతద్దికి చంద్రోదయ సమయంలో ఆయా తిథులు ఉండాలి. మహాశివరాత్రికీ నెలనెలా వచ్చే మాసశివరాత్రికీ అర్ధరాత్రి వేళ చతుర్దశి ఉండాలి.

దీనివల్ల కలిగే ముఖ్యమైన పరిణామం ఏమిటంటే, గడిలో పెద్ద అక్షరాలతో అచ్చయిన తిథి, ఆ రోజు చేయవలసిన వ్రతం ఒక్కటే కానక్కరలేదు. గడిలో ‘తదియ సా. 5.05’ అని ఉన్న రోజునే సంకటహర చతుర్థి వస్తుంది, ఎందుకంటే రాత్రి చంద్రుడు ఉదయించే వేళకు చవితి వచ్చి ఉంటుంది. మరునాడు గడిలో చవితి అని ఉన్నా చంద్రోదయానికి పంచమి వచ్చేస్తే ఆ రోజు వ్రతం లేదు.

ఏకాదశి: స్మార్తం, వైష్ణవం

వేళల నియమం అన్నిటికంటే సూక్ష్మంగా ఉండేది ఏకాదశి విషయంలోనే. ఏకాదశికి దశమి స్పర్శ తగలకూడదన్నది అందరూ అంగీకరించే మూలసూత్రం. ఆ స్పర్శను ఎక్కడి నుంచి లెక్కించాలన్న దగ్గర సంప్రదాయాలు చీలిపోతాయి. స్మార్తులు, అంటే విష్ణువుతో పాటు శివుడు మొదలైన దేవతలనూ కొలిచే సంప్రదాయంవారు, సూర్యోదయానికి దశమి లేకుంటే చాలంటారు. వైష్ణవులు అరుణోదయానికే దశమి పోయి ఉండాలంటారు. అరుణోదయం అంటే సూర్యోదయానికి ముందు నాలుగు ఘడియలు. ఘడియకు 24 నిమిషాల చొప్పున 96 నిమిషాలు. ఆ వేళకు దశమి ఇంకా మిగిలి ఉంటే ఆ ఏకాదశి విద్ధమైనట్టు, అంటే దశమి స్పర్శ తగిలినట్టు లెక్క, వారు మరునాడు ద్వాదశినాడు ఉపవసిస్తారు.

ఒక కల్పిత ఉదాహరణతో ఇది తేటపడుతుంది. సూర్యోదయం ఉదయం 6.05కి అనుకుందాం; అప్పుడు అరుణోదయం 4.29కి మొదలవుతుంది. మంగళవారం గడిలో ‘దశమి తె. 5.10’, బుధవారం గడిలో ‘ఏకాదశి తె. 3.40’, గురువారం గడిలో ‘ద్వాదశి తె. 2.20’ అని ఉన్నాయి. బుధవారం తెల్లవారుజామున 5.10 వరకు దశమి ఉంది, అంటే అరుణోదయం మొదలయ్యాక కూడా 41 నిమిషాలు ఉంది. సూర్యోదయానికి మాత్రం ఏకాదశి వచ్చేసింది. కనుక స్మార్తులకు బుధవారం, వైష్ణవులకు గురువారం ఉపవాసం. దశమి 4.29కి ముందే ముగిసి ఉంటే ఇద్దరికీ బుధవారమే అయ్యేది, చాలా ఏకాదశులు అలాగే వస్తాయి కూడా. మీ కుటుంబం ఏ సంప్రదాయానికి చెందినదో తెలియకపోతే ఇంటి పెద్దలను అడగండి. పెద్దలు లేకపోతే పంచాంగంలో ‘సర్వేషాం ఏకాదశి’ (అందరికీ ఏకాదశి) లేదా ‘స్మార్తైకాదశి’ అని ఉన్న రోజును పాటించవచ్చు. రెండు రోజులూ ఉండటం అవసరం లేదు.

సాధారణంగా సంవత్సరానికి 24 ఏకాదశులు. అధికమాసం వస్తే 26. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. అన్నీ పాటించలేనివారు ఆషాఢ శుద్ధంలోని తొలి ఏకాదశి, కార్తిక శుద్ధంలోని ఉత్థాన ఏకాదశి, ముక్కోటి ఏకాదశి, మాఘ శుద్ధంలోని భీష్మ ఏకాదశి, ఈ నాలుగింటితో మొదలుపెట్టడం తెలుగు ఇళ్లలో వాడుక. వీటిలో ముక్కోటి లెక్క ప్రత్యేకమైనది. అది ధనుర్మాసంలో వచ్చే శుద్ధ ఏకాదశి; ధనుర్మాసం సౌరమానానికి చెందినది కాబట్టి ఆ ఏకాదశి ఒక ఏడాది మార్గశిరంలో, మరొక ఏడాది పుష్యంలో పడుతుంది. ఇంగ్లీషు సంవత్సరాన్ని బట్టి చూస్తే 2024లో అసలు రాలేదు, 2025లో జనవరి 10న ఒకసారి, డిసెంబరు 30న మరొకసారి వచ్చింది.

ఏకాదశి వెనుక ఉన్న భావం

పద్మపురాణ కథ ప్రకారం, మురాసురునితో యుద్ధంలో అలసిన విష్ణువు బదరికాశ్రమంలోని గుహలో నిద్రిస్తుండగా ఆయన శరీరం నుంచి ఒక కన్య వెలువడి రాక్షసుణ్ణి సంహరించింది. ఆమెకే ఏకాదశి అని పేరు పెట్టి, ఆ తిథినాడు ఉపవసించినవారి పాపాలు నశిస్తాయని విష్ణువు వరమిచ్చాడు. ఆ రోజు పాపపురుషుడు ధాన్యాలలో దాగి ఉంటాడన్నది మరొక కథ. అన్నం, గోధుమలు, పప్పులు మానడానికి చెప్పే కారణం అదే. కథలకు అవతల ఉన్న అంతరార్థాన్ని పెద్దలు పదకొండు అంకెతో ముడిపెడతారు: జ్ఞానేంద్రియాలు ఐదు, కర్మేంద్రియాలు ఐదు, వాటిని నడిపించే మనస్సు ఒకటి. కడుపు ఒక్కటే ఖాళీగా ఉండి నాలుక పరనిందలో మునిగితే ఈ పదకొండింటికీ సెలవివ్వనట్టే. పురుషసూక్తం చంద్రుణ్ణి విరాట్పురుషుని మనస్సు నుంచి పుట్టినవాడిగా చెప్పింది. చంద్రగతిని బట్టి మనోనిగ్రహానికి రోజులు ఏర్పరచడంలోని ఔచిత్యం అక్కడ కనిపిస్తుంది.

చంద్రుడు సముద్రాన్ని లాగినట్టే శరీరంలోని నీటిని లాగుతాడు కాబట్టి ఉపవాసం పెట్టారనే మాట ఈమధ్య తరచు వినిపిస్తోంది. శాస్త్రగ్రంథాలలో ఆ వాదన లేదు, భౌతికశాస్త్రంలోనూ అది నిలవదు. నియమానికి ఉన్న బలం సంకల్పంలో, భక్తిలో ఉంది. దానికి అరువు తెచ్చిన ఆధారాలు అక్కరలేదు.

తొలి ఏకాదశినాడు విష్ణువు యోగనిద్రకు ఉపక్రమించి ఉత్థాన ఏకాదశినాడు మేల్కొంటాడని విశ్వాసం. నడుమ నాలుగు నెలల కాలం చాతుర్మాస్యం. శ్రావణంలో కూరలు, భాద్రపదంలో పెరుగు, ఆశ్వయుజంలో పాలు, కార్తికంలో పప్పుధాన్యాలు విడిచిపెట్టడం ఆ దీక్షలోని ఆహార నియమం. పూర్తిగా ఆచరించేది ఎక్కువగా యతులే అయినా, ఏదో ఒక ఇష్టమైన పదార్థాన్ని ఆ నాలుగు నెలలూ మానుకునే గృహస్థులు కూడా ఉన్నారు.

మీ శక్తికి తగిన స్థాయి

ఉపవాసం ఒక్క తీరుగా ఉండదు. నీరు కూడా ముట్టనిది నిర్జలం. జ్యేష్ఠ శుద్ధ ఏకాదశిని అలా చేస్తారు, మండువేసవిలో వచ్చే ఆ వ్రతాన్ని కొత్తవారు ప్రయత్నించకపోవడమే మేలు. నీరు మాత్రమే తాగడం రెండవది. పాలు, పండ్లు, దుంపలతో గడపడం మూడవది, ఎక్కువమందికి సాధ్యమయ్యేది. ఇవి కుదరనివారికి శాస్త్రమే నక్తం, ఏకభుక్తం అనే మార్గాలు చూపింది: పగలంతా ఉండి చీకటిపడ్డాక ఒక్కసారి తినడం నక్తం, మధ్యాహ్నం ఒక్కపూట భోజనంతో సరిపెట్టుకోవడం ఏకభుక్తం. కార్తిక సోమవారాలలో నక్షత్రాలు కనిపించాక భోజనం చేయడం నక్తానికి మనకు బాగా తెలిసిన రూపం.

వ్రతభంగం కలిగించనివి ఎనిమిది అంటూ ధర్మగ్రంథాలు ఒక శ్లోకాన్ని తరచు ఉదాహరిస్తాయి. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు (హోమంలో అర్పించే పదార్థం), బ్రాహ్మణుని కోరిక, గురువుగారి మాట, ఔషధం అన్నవి ఆ ఎనిమిది. చివరిదానిని మనవాళ్లు ఎందుకో మరచిపోతుంటారు. రక్తపోటు మాత్ర మింగితే ఉపవాసం పోతుందని భయపడి మానేయడం శాస్త్రానికీ విరుద్ధం, ఆరోగ్యానికీ ప్రమాదం. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, ఎనభై దాటిన వృద్ధులకు ఏకాదశి నియమం వర్తించదు. గర్భిణులు, బాలింతలు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉపవాసం జోలికి వెళ్లకుండా పూజతో తృప్తిపడవచ్చు. మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెర స్థాయిని బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు మోతాదు మార్చకుండా భోజనం మానితే చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. కాబట్టి ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. ఉపవాస సమయంలో వణుకు, చెమటలు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే తీపి పదార్థం తీసుకుని వ్రతాన్ని అక్కడితో విరమించాలి.

దశమి నుంచి మొదలు

ఏకాదశి వ్రతం మూడు రోజుల పని. దశమినాడు మధ్యాహ్నం ఒక్కపూట, మసాలాలు లేని మితభోజనం చేసి రాత్రి ఆహారం మానాలి. రేపు ఉపవాసం కదా అని దశమి రాత్రి కడుపు పట్టనంత తినడం వ్రతం ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది, మరునాడు దాహమూ పెరుగుతుంది. ద్వాదశినాడు తులసి కోయకూడదన్న నియమం ఉంది, చాలామంది ఏకాదశినాడు కూడా కోయరు. కాబట్టి రెండు రోజుల పూజకు సరిపడా తులసీదళాలను దశమినాడే కోసి పెట్టుకోవాలి.

ఏకాదశి తెల్లవారుజామున స్నానం చేసి, రాగిపాత్రలో నీరు తీసుకుని ఉత్తరాభిముఖంగా నిలబడి సంకల్పం చెప్పుకుంటారు. మాసం, పక్షం, తిథి, గోత్రనామాలు చెప్పి, ‘ఏకాదశ్యాం నిరాహారః స్థిత్వాహమపరేఽహని, భోక్ష్యామి పుండరీకాక్ష శరణం మే భవాచ్యుత’ అని ప్రార్థించడం సంప్రదాయం. ఈ రోజు నిరాహారంగా ఉండి రేపు భుజిస్తాను, అచ్యుతా నీవే శరణు అని దాని తాత్పర్యం. సంస్కృతం నోరు తిరగనివారు తెలుగులో చెప్పుకున్నా లోపం లేదు. ఫలాహారమా, నక్తమా అన్నది సంకల్పంలోనే స్పష్టంగా అనుకోవాలి. పొద్దున నిర్జలమని మొదలుపెట్టి మధ్యాహ్నానికి పండ్లకు, సాయంత్రానికి ఉప్మాకు జారిపోయేది సాధారణంగా ఈ స్పష్టత లేనివారే.

ఆహారం విషయంలో గీత ఎక్కడ గీయాలో చెబుతాను. బియ్యం, గోధుమలు, జొన్నలు, రవ్వలు, మినుములు, కందులు, పెసలు ఏ రూపంలోనూ పనికిరావు. అంటే ఇడ్లీ, దోసె, ఉప్మా, చపాతీ అన్నీ నిషిద్ధాలే. అన్నం మానేసి రెండు పూటలా టిఫిన్లు తినడం మన ఇళ్లలో వాడుకగా మారింది. అది ఆరోగ్యకరమైన అలవాటు అయితే కావచ్చు, ఏకాదశి వ్రతం మాత్రం కాదు. అరటి, జామ, దానిమ్మ వంటి పండ్లు, పాలు, మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఉడికించిన చిలగడదుంప, కంద తీసుకోవచ్చు. సగ్గుబియ్యం దుంప నుంచి తయారయ్యేది కాబట్టి చాలా సంప్రదాయాలు దానిని అంగీకరిస్తాయి. ఉప్పు అవసరమైతే సైంధవ లవణం వాడతారు. ఉల్లి, వెల్లుల్లి, తాంబూలం వర్జ్యాలు. తొలి ఏకాదశినాడు తెలుగువారు తినే పేలపిండి మాత్రం ఈ సూత్రానికి లొంగదు. జొన్నపేలాలను దంచి బెల్లం కలిపిన ఆ పిండి ధాన్యమే అయినా పండుగ ప్రసాదంగా ఆచారంలో నిలిచిపోయింది. కఠినంగా వ్రతం పట్టినవారు దానిని మరునాటికి దాచుకుంటారు.

పగటి నిద్ర కూడదు. విష్ణుసహస్రనామ పారాయణ, భాగవత శ్రవణం, ఆలయ దర్శనం, నామజపం వీటిలో ఏది వీలైతే అది. ఉద్యోగాలకు వెళ్లేవారు ఉదయం, సాయంత్రం అరగంట చొప్పున కేటాయించుకుని, నడుమ మాటలు తగ్గించుకోగలిగితే ఆ రోజుకు అది గొప్ప సాధనే. రాత్రి జాగరణ ఉత్తమం; అది ముక్కోటికి పరిమితం చేసుకునేవారే ఎక్కువ. ఇంట్లో మైల ఉన్నప్పుడు ఉపవాసం మానకుండా, పూజను మాత్రం వేరొకరిచేత చేయించడం సంప్రదాయం.

పారణ

ఉపవాసాన్ని ముగించే భోజనమే పారణ, దీనికి వ్రతమంత ప్రాముఖ్యం ఉంది. నియమాలు రెండు. పారణ ద్వాదశి తిథి ముగియకముందే జరగాలి. ద్వాదశిలోని మొదటి నాలుగో వంతు భాగాన్ని హరివాసరం అంటారు, అది గడిచాకే జరగాలి. పై ఉదాహరణలో బుధవారం ఉపవసించిన స్మార్తులకు ద్వాదశి గురువారం తె. 3.40 నుంచి శుక్రవారం తె. 2.20 వరకు, మొత్తం 22 గంటల 40 నిమిషాలు. అందులో నాలుగో వంతు 5 గంటల 40 నిమిషాలు. కాబట్టి గురువారం ఉదయం 9.20 దాటాక పారణ చేయాలి, మిట్టమధ్యాహ్నం దాకా ఆలస్యం చేయనక్కరలేదు. గురువారం ఉపవసించిన వైష్ణవులకు శుక్రవారం సూర్యోదయానికి ముందే ద్వాదశి వెళ్లిపోయింది. అటువంటప్పుడు సూర్యోదయం తరువాత, నిత్యపూజ ముగించి పారణ చేస్తారు.

ద్వాదశి కొద్దిసేపే మిగిలి ఉన్నప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు భాగవతం నవమ స్కంధంలోని అంబరీషుని కథ సమాధానమిస్తుంది. ఏడాది పాటు వ్రతం చేసిన ఆ రాజు పారణకు సిద్ధమైన వేళ దుర్వాసుడు అతిథిగా వచ్చి, స్నానానికని నదికి వెళ్లి తిరిగి రాలేదు. ద్వాదశి గడియలు అయిపోతున్నాయి. అతిథికంటే ముందు తింటే దోషం, పారణ దాటిపోతే వ్రతభంగం. పండితులను సంప్రదించి అంబరీషుడు కేవలం జలం తాగాడు. నీరు తాగడం తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుందన్నది ఆ నిర్ణయం. దుర్వాసుని కోపం, సుదర్శన చక్రం ఆయనను తరమడం తరువాతి కథ. ఉదయాన్నే ప్రయాణమో, ఆఫీసో ఉన్నవారికి నేటికీ వర్తించే వెసులుబాటు ఇదే: సమయానికి తులసితీర్థం తీసుకుని పారణ అయిందనిపించుకుని, భోజనం తరువాత చేయవచ్చు.

పారణ భోజనంలో కొన్ని ఇళ్లలో అవిశాకు, ఉసిరిక తప్పనిసరిగా ఉంటాయి. ఖాళీ కడుపులో వేపుళ్లు, పులుపు, కాఫీ పడకుండా తీర్థం, తరువాత పలచని మజ్జిగో పండో, ఆపైన మెత్తని అన్నం, పెసరపప్పు వంటివి తింటే శరీరం ఇబ్బందిపడదు. ఆ రోజు కూడా రెండోపూట తేలిక ఆహారమే మంచిది.

ప్రదోషం, శివరాత్రి

త్రయోదశి సంధ్యవేళ శివారాధనకు శ్రేష్ఠం. దేవదానవులు పాలకడలిని చిలికినప్పుడు పుట్టిన హాలాహలాన్ని మింగిన శివుడు ఆ వేళలో నంది కొమ్ముల నడుమ ఆనందతాండవం చేశాడని కథ. పగలు ఉపవసించి, సూర్యాస్తమయం తరువాతి ఆరు ఘడియల లోపు, అంటే 2 గంటల 24 నిమిషాలలోపు, అభిషేకమో ఆలయదర్శనమో చేసుకుని ఆపైన భోజనం చేయాలి. శనివారం కలిసివస్తే శనిత్రయోదశిగా మనవారు మరింత శ్రద్ధ చూపుతారు. ఏకాదశి తరువాత రెండు రోజులకే ప్రదోషం వస్తుంది. రెండూ పాటించేవారు ద్వాదశి పారణను సరిగ్గా చేసుకోకపోతే నీరసిస్తారు.

మహాశివరాత్రికి ఉపవాసం, జాగరణ, నాలుగు జాముల పూజ మూడు అంగాలు. మొదటి జాములో పాలతో, రెండవ జాములో పెరుగుతో, మూడవ జాములో నేతితో, నాలుగవ జాములో తేనెతో అభిషేకం చేయడం ఒక పద్ధతి. అర్ధరాత్రి లింగోద్భవ కాలం ముఖ్యం కనుక నాలుగు జాములూ మేల్కొనలేనివారు కనీసం ఆ వేళకు పూజలో ఉండాలి. సినిమాలు చూస్తూ గడిపే జాగరణ నిద్రలేమి కింద లెక్క. మరునాడు ఉదయం స్నానపూజలు ముగించి పారణ చేస్తారు.

చంద్రుణ్ణి చూసి ముగించేవి

బహుళ చవితినాడు వచ్చే సంకటహర చతుర్థి వ్రతంలో పగలంతా ఉపవాసం, సాయంత్రం గరికతో గణపతి పూజ, చంద్రోదయమయ్యాక అర్ఘ్యమిచ్చి భోజనం. ఆ రోజు చంద్రుడు సుమారుగా రాత్రి ఎనిమిది, పది గంటల మధ్య ఉదయిస్తాడు. ఖచ్చితమైన సమయం ఊరిని బట్టి మారుతుంది. మబ్బుపట్టి కనిపించకపోతే పంచాంగంలోని చంద్రోదయ సమయాన్ని పాటిస్తే సరిపోతుంది. గుడ్డలో మూడు గుప్పిళ్ల బియ్యం, తాంబూలం, దక్షిణ ఉంచి ముడుపు కట్టి, అనుకున్న పని కోసం మొక్కుకోవడం తెలుగునాట ఆచారం. మంగళవారం వస్తే అంగారక చతుర్థి అంటారు. భాద్రపద శుద్ధ చవితినాడు మాత్రం చంద్రదర్శనం కూడదు, ఆ రోజు శమంతకోపాఖ్యానం వినడం అందుకే.

ఆడపిల్లల వ్రతాలైన ఉండ్రాళ్ల తద్ది (భాద్రపద బహుళ తదియ), అట్లతద్ది (ఆశ్వయుజ బహుళ తదియ) కూడా చంద్రోదయంతోనే ముడిపడినవి. తెల్లవారకముందే లేచి భోజనం చేసి, పగలంతా ఉపవసించి, ఉయ్యాలలూగి, గౌరీపూజ చేసి, చంద్రుణ్ణి చూశాక వాయనాలిచ్చి తింటారు. తెల్లవారుజామున తినడానికి అనుమతి ఉండటం వీటి ప్రత్యేకత. ఏకాదశికి అది చెల్లదు.

పౌర్ణమినాడు పగలు ఉపవసించి సాయంత్రం సత్యనారాయణ వ్రతం చేసుకుంటారు. అమావాస్య పితృదేవతలది, తర్పణం విడిచి ఒక్కపూట భోజనంతో ఉండటం వాడుక.

వ్రతం తప్పినప్పుడు, ముగించదలచినప్పుడు

అనారోగ్యం వల్లనో, ప్రయాణం వల్లనో ఒక ఏకాదశి తప్పిపోతే చాలామంది మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలేమోనని దిగులుపడి మొత్తానికే మానేస్తారు. అంతవరకు వెళ్లనక్కరలేదు. అశక్తులైనవారి తరఫున భార్య, భర్త, కుమారుడు, సోదరుడు ఉపవసించవచ్చని శాస్త్రం అనుమతించింది. అదీ వీలుకాకపోతే ఆ రోజు ధాన్యం మాని, ఎవరికైనా అన్నదానమో స్వయంపాకమో ఇచ్చి, వచ్చే తిథి నుంచి కొనసాగించాలి.

ఇన్ని వ్రతాలు చేస్తానని సంఖ్యతో మొక్కుకున్నవారు పూర్తయ్యాక ఉద్యాపన, అంటే వ్రతాన్ని ముగించే పూజ చేయాలి. సంకటహర చతుర్థికి మూడు, ఐదు, పదకొండు, ఇరవై ఒకటి ఇలా ఏ సంఖ్య అనుకుంటే అన్ని పూర్తిచేసి, కట్టిన ముడుపు విప్పి, అందులోని బియ్యంతో నైవేద్యం వండి పంచుతారు. ఏకాదశికి జీవితాంతం ఆచరించే పద్ధతి ఉంది కాబట్టి ఉద్యాపన తరువాత కూడా వ్రతాన్ని కొనసాగిస్తారు; ఏడాది పూర్తిచేసినవారు ఉత్థాన ఏకాదశి ఉపవాసం తరువాత, తులసి కల్యాణం జరిగే క్షీరాబ్ధి ద్వాదశినాడు దానికి పూనుకోవడం అనువుగా ఉంటుంది. పురోహితునికి కనీసం నెల ముందే చెప్పుకుంటే మంచిది, కార్తికంలో వారికి క్షణం తీరిక ఉండదు.